మధ్యవర్తి ఒక్కరు కాదు: దిగువ కృష్ణా డెల్టాలో తగాదాలు, వాటికి ప్లీడరు

తెలుగులో మధ్యవర్తి అన్న ఒక్క మాట చట్టం దృష్టిలో ఇద్దరు వేర్వేరు మనుషుల్ని మోస్తోంది. మొదటివారు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, మాట్లాడించి, వాళ్లంతట వాళ్లు ఒక మాట మీదికి వచ్చేదాకా ఓపిక పట్టేవారు. వారికి తీర్పు చెప్పే అధికారం లేదు. కోర్టు భాషలో వారు మీడియేటరు. రెండోవారు వాదనలు విని, కాగితాలు చూసి, నిర్ణయం రాసిచ్చేవారు. ఆ రాతను అవార్డు అంటారు. నచ్చినా నచ్చకపోయినా అది కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. వారు ఆర్బిట్రేటరు. కోర్టుల గోడల మీది తెలుగు పోస్టర్లు మొదటి పనిని మధ్యవర్తిత్వం అంటాయి, 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం గురించి తెలుగులో రాసేవారు రెండో పనినీ అదే అంటారు. పామర్రు సెంటర్లో ఒక రైతు మధ్యవర్తిత్వానికి ప్లీడరు కావాలని వాకబు చేస్తుంటే, ఏ పనికి అడుగుతున్నాడో ఆయనకే తెలియకపోవచ్చు. ఈ తేడా తేలకుండా ప్లీడరును పెట్టుకున్న చోట డబ్బు కన్నా ముందు గడువులు పోతాయి.

డెల్టా ఊళ్లలో వీళ్లిద్దరికీ తోడు మూడో మనిషి ఉన్నాడు, పెద్దమనిషి. గట్టు తగాదా, బోదె నీళ్ల తగాదా, అన్నదమ్ముల పంపకం, ఆలుమగల ఎడబాటు, ఎగవేసిన అప్పు, అన్నీ ముందు ఆయన అరుగు మీదికే వస్తాయి. కొన్నిచోట్ల ఇరువైపులా ధరావతు కట్టించుకుని, మాట తప్పినవాళ్ల ధరావతు పోతుందని చెప్పి మరీ కూర్చుంటారు. పెద్దమనిషి పొద్దున మీడియేటరు, సాయంత్రానికి ఆర్బిట్రేటరు. ఎప్పుడు ఏ పని చేస్తున్నాడో ఆయన చెప్పడు, ఎవరూ అడగరు.

పద్ధతి పాతదే. యాజ్ఞవల్క్య స్మృతి కులం, శ్రేణి, పూగం అనే సమూహాలకు తగవు తీర్చే స్థానం ఇచ్చింది. ఆ స్మృతి మీది మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. మద్రాసు ప్రభుత్వం 1816లో, థామస్ మన్రో చొరవతో, గ్రామ మునసబులకూ గ్రామ పంచాయతీలకూ రెగ్యులేషన్లు చేసింది. 1920 సెప్టెంబరులో కలకత్తాలో జరిగిన కాంగ్రెస్ ప్రత్యేక సమావేశమైతే న్యాయవాదులు బ్రిటిష్ కోర్టులను క్రమంగా వదిలి, ప్రైవేటు మధ్యవర్తి న్యాయస్థానాలు నెలకొల్పాలని తీర్మానించింది. మద్రాసు హైకోర్టులో పేరు మోసిన టంగుటూరి ప్రకాశం ప్రాక్టీసు వదిలింది ఆ సహాయ నిరాకరణ రోజుల్లోనే. ఆ తీర్మానం కూడా కోర్టుల్ని వదలమంది గానీ ప్లీడర్ని వదలమనలేదు. కొత్త న్యాయస్థానాలు వాళ్ల సాయంతోనే నడవాలంది.

ఆర్బిట్రేషన్ చట్టం 1899లో ఒక రూపంలో, 1940లో ఇంకో రూపంలో ఉండి, 1996లో ఇప్పటి రూపానికి వచ్చింది. 2015, 2019, 2021లో దానికి సవరణలు జరిగాయి. ఆ చట్టం ప్రకారం ఆర్బిట్రేషన్ ఒప్పందం రాతలో ఉండాలి. తగాదా పుట్టకముందు రాసుకున్న ఖరారులోనే ఒక క్లాజుగా ఉండవచ్చు, పుట్టిన తరువాత వేరే కాగితంగానూ రాసుకోవచ్చు. రాత లేని పెద్దమనుషుల తీర్పు ఊళ్లో ఎంత చెల్లినా అవార్డు కాదు. రాత ఉన్నా, పొలం మీదా ఇంటి మీదా హక్కు నిర్ణయించే అవార్డుకు స్టాంపు, రిజిస్ట్రేషన్ కావాలి. అవి లేని పంపకాల కాగితం పట్టుకుని కోర్టుకెక్కినవాళ్లకు అసలు వాదన కన్నా ముందు ఆ కాగితం సాక్ష్యంలోకి వస్తుందా రాదా అన్న వాదనే ఏళ్లు పడుతుంది. నోటి మాటగా ముందే జరిగిపోయిన కుటుంబ ఏర్పాటును గుర్తుగా రాసుకున్న జాబితాకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. అయితే ఆ కాగితం జరిగినదాన్ని చెబుతోందా, అప్పటికప్పుడు హక్కు పుట్టిస్తోందా అన్నది అందులోని క్రియాపదాల మీద ఆధారపడుతుంది. 'పంచుకున్నాము' అన్న మాటకూ 'పంచుకొనుచున్నాము' అన్న మాటకూ మధ్య ఉన్న దూరం ఒక్కోసారి ఎకరాల ఖరీదు చేస్తుంది. పెద్దమనుషుల ముందు అన్నీ కుదిరాక, సంతకాలకు ముందు ఒక పూట ప్లీడరుకు ఆ కాగితం చూపించడం ఈ ప్రాంతంలో అన్నిటికన్నా చవకైన న్యాయసేవ. జనం ఎక్కువగా మానుకునేదీ అదే.

ఏ తగాదా ఏ గుమ్మం ముందుకు వెళ్తుందో తెలిస్తే ఎలాంటి ప్లీడరు కావాలో సగం తేలిపోతుంది. కౌలు సంగతి చూస్తే, కోస్తా జిల్లాల వ్యవసాయ కౌలుకు 1956 నాటి ప్రత్యేక చట్టం, ప్రత్యేకాధికారి ఉన్నారు. ప్రత్యేక చట్టం కాపాడే కౌలుదారును ఖాళీ చేయించడం, నేరాలు, విడాకులు, దివాలా, వీలునామా నిరూపణ ఆర్బిట్రేషన్‌కు లొంగవని సుప్రీంకోర్టు 2011లో బూజ్ అలెన్ కేసులో చెప్పింది. వీటిలో కొన్నింటికి మీడియేషన్ మాత్రం చక్కగా పనికొస్తుంది. ఆలుమగల గొడవల్లో భరణం, పిల్లలు, సామాను సంగతి మీడియేషన్‌లో తేలవచ్చు, విడాకుల డిక్రీ మాత్రం కోర్టే ఇవ్వాలి.

చీటీలది వేరే దారి. రిజిస్టరయిన చిట్ తగాదా 1982 నాటి చట్టం 64వ సెక్షన్ ప్రకారం చిట్ల రిజిస్ట్రారు ముందు ఆర్బిట్రేషన్‌గా నడుస్తుంది, సివిల్ కోర్టుకు పోయే వీలు లేదు. సహకార సంఘంలో సభ్యుడికీ సంఘానికీ వచ్చే పేచీ 1964 నాటి సహకార చట్టం కింద రిజిస్ట్రారు దగ్గరికి పోతుంది. ఊళ్లో ఇంటి దగ్గర నడిపే రిజిస్టరు కాని చీటీకి ఈ దారులేవీ లేవు. అక్కడ మిగిలేది నోట్లు, చెక్కులు, పెద్దమనుషులు.

బందరు రోల్డ్‌గోల్డ్ తయారీదారులకూ, పెడన కలంకారీ వారికీ, చిన్న మిల్లులకూ 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం మంచి ఆయుధం ఇచ్చింది. సరుకు తీసుకున్న వ్యాపారి ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటించకూడదు. దాటిస్తే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఫిర్యాదు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. అక్కడ ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్. అవార్డు మీద కోర్టుకు పోవాలంటే కొనుగోలుదారు 75 శాతం డబ్బు ముందు కట్టాలి. ఇంత బలమైన చట్టం ఉన్నా ముంబై వ్యాపారి బాకీ కోసం బందరులో దావా వేసి ఏళ్లకేళ్లు వాయిదాలు తిరగడమంటే, ప్లీడరు ఎంపికలో ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాట. సరుకు అమ్మేనాటికే పరిశ్రమ రిజిస్టరయి ఉందా అన్నది ఆ ప్లీడరు అడగాల్సిన మొదటి ప్రశ్న.

విత్తనం మొలకెత్తని రైతుకు ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు ఉందని కంపెనీ చెప్పవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసుల్లోనే, జాతీయ విత్తన సంస్థ మీద 2012లో ఇచ్చిన తీర్పులో, ఆ క్లాజు వినియోగదారుల ఫోరానికి అడ్డం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. హైదరాబాదు నుంచి వెళ్లిన ఒక ఇంటి తగాదాలో 2023లోనూ అదే మాట చెప్పింది: వినియోగదారుడు కోరుకుంటే తప్ప అతన్ని ఆర్బిట్రేషన్‌కు లాగలేరు.

డెల్టా రైతుకు ఆర్బిట్రేషన్ నిజంగా ఎదురయ్యేది రెండు చోట్ల. రెండూ ఆయన ఏరికోరి తెచ్చుకున్నవి కావు.

మొదటిది ట్రాక్టరు, వరికోత యంత్రం, లారీ మీద తీసుకున్న ఫైనాన్సు. అప్పు ఇచ్చేనాడు సంతకం పెట్టించుకునే చిన్న అక్షరాల కాగితాల్లో ఒక క్లాజు ఉంటుంది: తగాదా వస్తే కంపెనీ నియమించిన ఏకైక ఆర్బిట్రేటరు చెన్నైలోనో ముంబైలోనో విచారిస్తాడు. కిస్తీలు ఆగాక ఇంగ్లీషులో నోటీసు వస్తుంది, రైతు దాన్ని మరో తాకీదు అనుకుని చూరులో దోపుతాడు, ఆరు నెలలకు అవార్డు వస్తుంది. ఆ అవార్డును ఆస్తి ఎక్కడుంటే ఆ కోర్టులో నేరుగా అమలుకు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2018లో సుందరం ఫైనాన్స్ కేసులో చెప్పింది. అంటే చెన్నై అవార్డు మీద ఇ.పి. (అమలు దరఖాస్తు) కృష్ణా జిల్లాలోనే పడుతుంది. ఆ అవార్డును కొట్టేయమని అడగాలంటే మాత్రం ఆర్బిట్రేషన్‌కు స్థానంగా రాసుకున్న ఊరి కోర్టుకే వెళ్లాలి. జప్తు ఇంటి ముందుకొస్తుంది, వాదన చెన్నైలో చెప్పుకోవాలి. ఇలాంటి కేసుకు ఒక ప్లీడరు చాలడు. ఇక్కడ ఇ.పి. చూసేవారు ఒకరు, అక్కడ అవార్డు మీద పోరాడేవారు ఒకరు, ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవారై ఉండాలి.

ఈ ఏకపక్ష నియామకాలకు ఇప్పుడు గట్టి జవాబు ఉంది. తగాదాలో లాభనష్టమున్న వ్యక్తి ఏకైక ఆర్బిట్రేటరును తానే నియమించకూడదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది. ప్రభుత్వ సంస్థల కాంట్రాక్టుల్లో అలాంటి క్లాజు సమానత్వ హక్కుకు విరుద్ధమని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. ఆ అభ్యంతరాన్ని వదులుకోవాలంటే తగాదా పుట్టాక, రాతపూర్వకంగా, తెలిసి వదులుకోవాలి. అందుకే నోటీసుతో పాటు వచ్చే 'అభ్యంతరం లేదు' కాగితం మీద సంతకం పెట్టకపోవడం ఆ దశలో ముఖ్యం. నోటీసు అందిన వారంలోనే అభ్యంతరం రాసి పంపించే ప్లీడరు దొరికితే చాలు, ఆయన పెద్ద పేరున్నవారు కానక్కరలేదు.

రెండోది రోడ్డు. విజయవాడ–మచిలీపట్నం జాతీయ రహదారి పామర్రు మీదుగా పోతుంది. గుడివాడ వైపు ఇంకో జాతీయ రహదారి పామర్రు దగ్గరే విడిపోతుంది. ఇలాంటి రోడ్ల వెడల్పుకు భూమి పోయినవాళ్లకు పరిహారం నచ్చకపోతే, 1956 నాటి జాతీయ రహదారుల చట్టం 3జి సెక్షన్ కింద కేంద్రం నియమించిన ఆర్బిట్రేటరు దగ్గరికి వెళ్లాలి. చాలా జిల్లాల్లో ఆ ఆర్బిట్రేటరు కలెక్టరే. ఇక్కడ ఒప్పందం లేదు, ఎంపిక లేదు. కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చినట్టు ఒక తెల్లకాగితం ఇచ్చి వచ్చేవాళ్లు ఎక్కువ. అది అర్జీ కాదు, కేసు. చుట్టుపక్కల రిజిస్ట్రేషన్ దస్తావేజులు, చెట్ల విలువ, బోరు, షెడ్డు, రెండు ముక్కలైన చేనుకు కలిగిన నష్టం, అన్నీ ఆ దశలోనే రికార్డులోకి ఎక్కాలి. ఎందుకంటే కోర్టు ఆ అవార్డును 1996 చట్టం 34వ సెక్షన్ కింద కొట్టేయగలదే గానీ పరిహారాన్ని తానే పెంచలేదని సుప్రీంకోర్టు 2021లో హకీం కేసులో చెప్పింది. 2025 ఏప్రిల్ 30న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అవార్డులను కొంత పరిమితిలో సవరించవచ్చని మెజారిటీతో ఒప్పుకుంది గానీ, అది లెక్క తప్పులకూ వడ్డీకీ విడదీయగల భాగాలకూ సంబంధించిన సందు, మళ్లీ విచారణ కాదు. సొలేషియం (బలవంతపు సేకరణకు ఇచ్చే అదనపు సొమ్ము), వడ్డీ రహదారి బాధితులకూ వర్తిస్తాయని 2019లో తర్సేం సింగ్ కేసు తేల్చింది. ఈ మూడు తీర్పుల మాట విని ముఖం చిట్లించే ప్లీడరుకు, సివిల్ పనిలో ఎంత అనుభవమున్నా, భూసేకరణ కేసు అప్పగించడం మంచిది కాదు.

మీడియేషన్‌కు అసలు ప్లీడరు ఎందుకని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కోర్టులో ఉన్న దావాను సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ కింద మీడియేషన్‌కు పంపడానికి పక్షాల అనుమతి అక్కర్లేదు, ఆర్బిట్రేషన్‌కు పంపాలంటే మాత్రం అందరి ఒప్పుదల కావాలి. 2010లో ఆఫ్‌కాన్స్ కేసు ఈ తేడాను స్థిరపరిచింది. మీడియేషన్ గదిలో మాట్లాడాల్సింది కక్షిదారులు. అక్కడ ప్లీడరు పని మూడు చోట్ల ఉంది: లోపలికి వెళ్లేముందు కేసు ఓడిపోతే ఏమవుతుందో నిజం చెప్పడం, లోపల అవతలివాళ్ల ప్రతిపాదనకు అప్పటికప్పుడు లెక్క కట్టడం, బయటికి వచ్చేటప్పుడు ఒప్పందం రాయడం. వాదనలో దిట్ట అయిన ప్లీడరు అక్కడ ఒక్కోసారి అడ్డమే అవుతాడు. ఎదుటివారి మాటకు వెంటనే ఖండన చెప్పడం ఆయనకు వృత్తి నేర్పిన అలవాటు.

కోర్టు ఆదేశంగా కాక సూచనగా చెప్పిన మీడియేషన్‌ను ఎవరైనా కాదనవచ్చు. అందుకు పెద్ద ఉదాహరణ కృష్ణా నీళ్లదే. 2021 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల జల వివాదం విన్న అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ, అప్పటి కృష్ణా జిల్లాలోని పొన్నవరంలో పుట్టినవారు. రెండు రాష్ట్రాలతోనూ తనకు అనుబంధం ఉందనీ, మీడియేషన్‌తో తేల్చుకోమనీ సూచించారు. ఆంధ్రప్రదేశ్ కోర్టు తీర్పే కావాలంది, ఆయన కేసును వేరే ధర్మాసనానికి పంపారు. అదే ఏడాది డిసెంబరు 18న హైదరాబాదులో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రాన్ని ప్రారంభించిందీ ఆయనే. నీళ్ల మాట వచ్చింది గనక ఇంకొకటి: కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు రాసిన ట్రిబ్యునల్ అధ్యక్షుడు జస్టిస్ ఆర్.ఎస్. బచావత్ పేరు మీదే ఆర్బిట్రేషన్ చట్టం మీద న్యాయవాదులు వాడే లావుపాటి గ్రంథం ఉంది. డెల్టా రైతుకు ఆయన పేరు కాలవ నీటితో తెలుసు, ప్లీడరుకు పుస్తకంతో.

వ్యాపార తగాదా 3 లక్షలు దాటితే, అత్యవసరంగా ఇంజంక్షన్ లాంటిది అవసరం లేకపోతే, దావాకు ముందే మీడియేషన్‌కు పోవడం తప్పనిసరి. వాణిజ్య కోర్టుల చట్టం 12ఎ సెక్షన్ అది. దాన్ని దాటవేసిన దావాను తిరస్కరించాలని 2022 ఆగస్టు 17న పాటిల్ ఆటోమేషన్ తీర్పు చెప్పింది. దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఇవ్వాలి. దరఖాస్తుకు 1,000 రూపాయలు, 3 నుంచి 10 లక్షల తగాదాకు మీడియేషన్ రుసుము 15,000, ఇరువైపులా చెరిసగం. అక్కడ కుదిరిన ఒప్పందానికి అవార్డుతో సమాన హోదా ఉంటుంది. 2023 మీడియేషన్ చట్టం దీనికన్నా విశాలమైనది. 120 రోజుల గడువు, మరో 60 రోజుల పొడిగింపు, డిక్రీలా అమలయ్యే ఒప్పందం, ఊళ్లలో సామాజిక మీడియేషన్ అన్నీ అందులో ఉన్నాయి. కానీ 2023 అక్టోబరు 9న దానిలోని కొన్ని సెక్షన్లే అమల్లోకి వచ్చాయి. చట్టం పుస్తకంలో ఉన్నదాన్నీ, గెజిట్‌లో అమలుకు వచ్చినదాన్నీ విడదీసి చెప్పగలరా అన్నది మీడియేషన్ చేస్తానని చెప్పే ప్లీడరుకు మంచి పరీక్ష.

లోక్ అదాలత్‌ను చాలామంది మీడియేషన్ అనుకుంటారు. అక్కడ ఒప్పుకుని సంతకం పెట్టినది 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం డిక్రీ. అప్పీలు లేదు, కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. అప్పీలు లేదన్న మాట సంతకానికి ముందు తెలియాలి. బీమా, కరెంటు, ఆసుపత్రి, రవాణా లాంటి ప్రజోపయోగ సేవల పేచీలకు శాశ్వత లోక్ అదాలత్ వేరే ఉంది. అక్కడ రాజీ కుదరకపోతే అది తీర్పు కూడా చెబుతుంది. పేరు ఒకటే గనక జనం రెంటినీ కలిపేస్తారు, కొందరు ప్లీడర్లూ కలిపేస్తారు.

ప్లీడరును వెతకడంలో మొదటి చిక్కు ప్రకటనలు లేకపోవడం. బార్ కౌన్సిల్ నిబంధనలు న్యాయవాది పని కోసం ప్రచారం చేసుకోవడాన్ని నిషేధించాయి. అందుకే బోర్డు మీద పేరూ చదువూ తప్ప 'ఆర్బిట్రేషన్ స్పెషలిస్టు' అన్న మాట ఉండకూడదు. ఉంటే అదే ఒక అనుమానం. మిగిలేది వాకబు. గుడివాడ, అవనిగడ్డ కోర్టుల్లో సివిల్ పని చూసేవారు ఇ.పి.లకూ, మీడియేషన్‌కూ, లోక్ అదాలత్‌కూ సరిపోతారు. అవార్డు మీద 34వ సెక్షన్ దరఖాస్తు మచిలీపట్నం జిల్లా కోర్టు పని, వాణిజ్య వివాదాలకు విజయవాడలో ప్రత్యేక న్యాయస్థానం ఉంది. అవతలివాళ్లు ఆర్బిట్రేటరు నియామకానికి ఒప్పుకోకపోతే 11వ సెక్షన్ కింద అమరావతిలోని హైకోర్టుకే వెళ్లాలి. కేసు ఏ మెట్టు దగ్గరుందో చూసి ఆ ఊరి ప్లీడరును పెట్టుకోవడం, ముందు ప్లీడరును పెట్టుకుని ఆయన వెళ్లే కోర్టులో కేసు వేయడం కన్నా మేలు.

అడగాల్సిన ప్రశ్నలు తేలికైనవే. ఆర్బిట్రేటరు ముందు సాక్షిని విచారించిన అనుభవం ఉందా? 34వ సెక్షన్ దరఖాస్తు ఎన్ని వేశారు? కోర్టు మీడియేటర్లకు ఇచ్చే 40 గంటల శిక్షణ తీసుకున్నారా? అవతలి పక్షానికీ, వాళ్ల ఫైనాన్సు కంపెనీకీ ఎప్పుడైనా పని చేశారా? చివరి ప్రశ్న పల్లెల్లో అడగడానికి మొహమాటపడతారు. ఒకే ఊరు, ఒకే సామాజిక వర్గం, పెళ్లిళ్లలో కలిసి భోంచేసే పరిచయాలు. కానీ తగాదాలో పెద్దమనిషిగా కూర్చున్న ప్లీడరే తరువాత ఒక పక్షానికి వకాలత్ వేయడం సరికాదు. ఇరువైపుల రహస్యాలూ ఆయన చెవిన పడి ఉంటాయి.

ఫీజులో రెండు భాగాలున్నాయని మొదటిరోజే తెలియాలి, ప్లీడరు ఫీజు వేరు, ఆర్బిట్రేటరు ఫీజు వేరు. కోర్టులో జడ్జికి జీతం ప్రభుత్వం ఇస్తుంది. ఆర్బిట్రేషన్‌లో ఆ ఖర్చు పక్షాలదే. చట్టంలోని నాలుగో షెడ్యూలు ఒక నమూనా ఇచ్చింది. 5 లక్షల దాకా తగాదాకు 45,000, ఆపైన 20 లక్షల దాకా 5 లక్షలకు మించిన మొత్తం మీద 3.5 శాతం అదనం. ఆర్బిట్రేటరు ఒక్కరే అయితే మొత్తం మీద మరో 25 శాతం. 10 లక్షల తగాదాకు లెక్క వేస్తే 62,500, ఏకైక ఆర్బిట్రేటరుకు 78,125. ఇది సాధారణంగా ఇరువైపులా చెరిసగం. ఆర్బిట్రేటర్లు తమ ఫీజు తామే ఏకపక్షంగా పెంచుకోకూడదని 2022లో సుప్రీంకోర్టు ఒఎన్‌జీసీ–ఆఫ్‌కాన్స్ కేసులో చెప్పింది. రెండు మూడు లక్షల కౌలు బాకీకి ఆర్బిట్రేషన్ క్లాజు రాసుకోవడం ఎందుకు దండగో ఈ లెక్కే చెబుతుంది. ఆ సొమ్ముకు మీడియేషనో లోక్ అదాలతో చాలు.

ప్లీడరు ఫీజుకు ఇలాంటి పట్టిక లేదు. మొత్తానికి ఒకటే మాట అనుకోవచ్చు, వాయిదాకు ఇంత అనుకోవచ్చు, మెట్టుమెట్టుకూ వేరుగా అనుకోవచ్చు. వచ్చిన దాంట్లో ఇన్ని వంతులు అన్న బేరం మాత్రం కుదరదు. గెలుపు మీద ఆధారపడే ఫీజునూ, వచ్చిన సొమ్ములో వాటానూ బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. భూసేకరణ కేసుల్లో 'పెరిగిన పరిహారంలో పావు వంతు' అన్న మాట వినబడుతూ ఉంటుంది. అది ఎంత మామూలుగా వినబడినా నిబంధనకు విరుద్ధమే. గుమాస్తా ఖర్చు, టైపు, నకళ్లు, ప్రయాణం, ఆర్బిట్రేషన్ కూర్చునే గది అద్దె, ఇవి ఫీజులో కలిశాయా లేదా అన్నది రాయించుకోవాలి. రసీదు అడగడం అవమానించడం కాదు.

వకాలత్ మీద సంతకం పెట్టేముందు అందులో రాజీ చేసుకునే అధికారం ఉందా అని చదవాలి. అచ్చు ఫారాల్లో అది తరచూ ఉంటుంది. కక్షిదారు స్పష్టంగా చెప్పకుండా ప్లీడరు అతని హక్కును వదులుకోకూడదని సుప్రీంకోర్టు 2015లో హిమాలయన్ సహకార గృహ సంఘం కేసులో చెప్పింది. పాత కోర్టు తెలుగులో రాజీ కాగితాన్నే రాజీనామా అనేవారు. ఆ మాటకు ఇప్పుడున్న అర్థం గుర్తుంటే సంతకం జాగ్రత్తగా పెడతారు. నమ్మకం పోతే ప్లీడరును మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపుకునే హక్కు ఆయనకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసు తేల్చింది. దుష్ప్రవర్తన మీద ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు వెళ్లాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారిని 2024 మేలో సుప్రీంకోర్టు మూసేసింది.

ఫీజు లేనివాళ్లకు 1987 చట్టమే దారి చూపింది. ఆదాయంతో పని లేకుండా స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, వరద లాంటి విపత్తు బాధితులు ఉచిత న్యాయవాదిని కోరవచ్చు. 2024 సెప్టెంబరు కృష్ణా వరదలో మునిగిన దివిసీమ లంక రైతు చివరి కోవలోకే వస్తాడు. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు, మచిలీపట్నంలోని జిల్లా సంస్థకు గానీ దగ్గరి కోర్టులో ఉండే మండల కమిటీకి గానీ వెళ్లవచ్చు.

గడువులు మిగిలాయి. బాకీ దావాకు మూడేళ్లు. పెద్దమనుషుల చుట్టూ తిరిగిన రోజులు ఆ మూడేళ్లలోంచి తీసివేతకు రావు. ప్రాంసరీ నోటు వెనక సంతకంతో చెల్లు పడితేనో, బాకీ ఒప్పుకుంటూ గడువులోపు రాసిస్తేనో కాలం కొత్తగా మొదలవుతుంది. 'వచ్చే దాళ్వాకు చూద్దాం' అన్న నోటి మాటకు ఆ బలం లేదు. ఆర్బిట్రేషన్‌కు గడియారం ఆగేది నోటీసు అవతలివారికి చేరిన రోజున. అందువల్ల ప్లీడరు చేయాల్సిన తొలి పని దావా రాయడం కాదు, ఆ నోటీసును అందిన రుజువుతో పంపడం. ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్న తగాదాలో కోర్టు సమన్లు వస్తే, మొదటి జవాబు వేసేలోపే ఆర్బిట్రేషన్‌కు పంపమని 8వ సెక్షన్ కింద అడగాలి; జవాబు దావా వేశాక ఆ మాట ఎత్తితే వినరు. ఆర్బిట్రేటరుకు తన నియామకం రాతపూర్వకంగా తెలిసిన నాటి నుంచి వాదపత్రాలకు ఆరు నెలలు, అవి పూర్తయిన నాటి నుంచి అవార్డుకు 12 నెలలు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరో ఆరు. అవార్డు నకలు చేతికందాక దాన్ని సవాలు చేయడానికి మూడు నెలలు, తగిన కారణం చూపితే ఇంకో 30 రోజులు. ఆ తరువాత ఒక్కరోజు ఆలస్యాన్నీ కోర్టు మన్నించలేదు. 2015 సవరణ తరువాత సవాలు వేసినంత మాత్రాన అమలు ఆగదు, స్టే వేరే అడగాలి. గెలిచినవారికి మాత్రం తొందర లేదు. అవార్డును డిక్రీలా అమలు చేయించుకోవడానికి 12 ఏళ్లుంది. అన్నాళ్లూ సంతకంతో ఉన్న అసలు నకలు ప్లీడరు ఆఫీసు బీరువాలో కాక కక్షిదారు ఇంట్లోనే ఉండాలి.